అర నిమిషం నిశ్శబ్దం

చుట్టుపక్కల అరవై కిలోమీటర్ల దాకా రైలు పట్టా అన్నదే లేని కొత్త మడుగులో, తెల్లవారి ఐదూ నలభైకి, రైలు చక్రం కీచుమంది.

రికార్డింగు ఆపాను. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. అనుమానం లేదు. మలుపు తిరిగేటప్పుడు ఇనుము ఇనుమును రాసుకుంటే వచ్చే కీచు. సూదిమొనంత సన్నగా, ఎక్కడో దూరాన, నాలుగు సెకన్లు. తర్వాత కాసేపు గాలి. ఆ తర్వాత బుంగపిట్ట కూత.

ఖాళీ బుంగ మూతి దగ్గర నోరు పెట్టి ఊదినట్టుంటుంది ఆ కూత. అందుకే దానికా పేరు. రెల్లులో దాక్కుంటుంది, ఓ పట్టాన కంటబడదు. ఉందో లేదో చెవులతో తేల్చాల్సిందే. అలా తేల్చి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ప్రకృతి క్రెడిట్ల తనిఖీ కార్యాలయం, మూడో అంతస్తు. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసిన గది. కిటికీ లేదు, అదొక్కటే ఆ గదికున్న అర్హత. మడుగుల్లో కర్రలకు కట్టిన పెట్టెలు రోజంతా రికార్డు చేస్తాయి. కంప్యూటరు వాటిని జల్లెడ పట్టి, కూత ఉన్న ముక్కలు ఏరి నాకిస్తుంది. అది కూత దగ్గర మొదలుపెడుతుంది. నేను మాత్రం అర నిమిషం వెనక్కి వెళ్లి వింటాను. చిన్నప్పుడు మావయ్య నేర్పిన అలవాటు.

"గ్రాఫూ, ఇలా రా" అన్నాను.

గ్రాఫు అంటే మా గదిలో రెండో మనిషి. కంప్యూటరు అతని చేతిలో ఉంటుంది. రోజుకెన్ని టీలు తాగుతాడో కూడా గీత గీసి గోడకి అంటించాడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. "కప్పేమో అక్కా."

"ఆకలేస్తే నువ్వు అలా అరుస్తావేమో, కప్ప అరవదు. మళ్లీ విను."

మళ్లీ విన్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు. "రైలు" అన్నాడు. "అక్కడ రైలెక్కడుంది?"

"రైలు వినపడే మడుగు ఇంకోటి ఉంది" అన్నాను. "ఉండేది."

మా కార్యాలయం ఎందుకుందో చెప్పాలి. ఒకచోట మడుగు పూడ్చాలనుకున్నవాడు, ఇంకోచోట మడుగును బతికించామన్న పత్రాలు కొనాలి. ఆ పత్రాలే ప్రకృతి క్రెడిట్లు. మూడేళ్ల కిందట గోదాముల కంపెనీ ఒకటి రైలు మలుపు పక్కనున్న పాత మడుగును పూడ్చింది. బదులుగా, మూతబడ్డ ఇటుక బట్టీల గుంతల్లోకి పంపుతో నీళ్లు పెట్టి, రెల్లు నాటి, కొత్త మడుగు తయారు చేయించింది. క్రెడిట్లు మూడు విడతలు. నీళ్లు నిలిస్తే ఒకటి. రెల్లు ఎదిగితే రెండోది. బుంగపిట్ట వరుసగా రెండేళ్లు కూస్తే మూడోది. మూడో ఏడు దాటేలోపు కూయకపోతే ఒప్పందం రద్దు, పంపు బంద్.

పోయినేడు కూసింది. ఆఫీసులో కేకు కోశారు. ఆ కూత ఆధారంగా సర్కారు కొత్త ఉత్తర్వు రాసింది: మడుగును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చవచ్చని రుజువైంది కాబట్టి, మూడో విడత విడుదలైన మర్నాటి నుంచే పెద్ద మడుగును కూడా పూడ్చుకోవచ్చు. పెద్ద మడుగు అంటే ఆ పిట్టకు మిగిలిన ఆఖరి చోటు. ఈ ఏటి కూతకు నేను సంతకం పెడితే మూడో విడత విడుదల. పత్రం నా బల్ల మీదే ఉంది. సమావేశం రేపు పొద్దున పదింటికి.

"పాత మడుగు రికార్డింగులు దాచారుగా. బయటికి తియ్యి" అన్నాను.

తీశాడు. ఇరవై ఏళ్లవి. అన్నిటి మీదా ఒకటే గొంతు, ఒకటే పద్ధతి. మైకు మీద రెండుసార్లు వేలితో తట్టి, తేదీ చెప్పి, అర నిమిషం ఏమీ మాట్లాడకుండా ఊరుకుని, ఆ తర్వాతే కూత. ఆ గొంతు మా మావయ్యది. అమ్మకి తమ్ముడు. ఈ చుట్టుపక్కల పిట్టల చెవి అంటే ఆయనదే.

చివరి రికార్డింగు తేదీ చూశాను. యంత్రాలు మడుగులోకి దిగిన రోజు పొద్దున.

గ్రాఫు రెండు ముక్కల్ని తెర మీద ఒకదాని మీద ఒకటి పరిచాడు. కీచు మీద కీచు పడింది. కూత మీద కూత పడింది. అచ్చు గుద్దినట్టు ఒకటే.

"ఎవరో ఈ టేపు అక్కడ స్పీకర్లో వేశారక్కా. తట్టినదీ తేదీ చెప్పిందీ కోసేశారు. మరి ఆ అర నిమిషం ఎందుకు కొయ్యలేదు? కోసేసుంటే మనకి దొరికేవాళ్లు కాదు."

నాకు తెలుసు. చెప్పలేదు. స్కూలు సెలవుల్లో మావయ్య టేపు రికార్డరు నా భుజాన తగిలించి రెల్లులోకి తీసుకెళ్లేవాడు. నేను నిశ్శబ్దాన్ని దాటించి కూత దగ్గర నొక్కితే నెత్తిన మొట్టేవాడు. "నిశ్శబ్దాన్ని కోస్తే సాక్షి నాలుక కోసినట్టేనే" అనేవాడు. దొంగ టేపు వేసేటప్పుడు కూడా అర నిమిషాన్ని కొయ్యడానికి చేతులు రానివాడు నాకు తెలిసి లోకంలో ఒక్కడే.

గ్రాఫు టీకి వెళ్లాడు. నేను అసలు టేపు మొదటి నుంచీ పెట్టాను. ఇన్నేళ్లుగా అందరూ దాన్ని కూత దగ్గర నుంచే వాడారు. ముందు భాగం ఎవరూ విన్నట్టు లేరు. తట్టిన చప్పుడు. తేదీ. గాలి. చక్రం కీచు.

ఆ కీచు కింద ఇంకోటి ఉంది.

శబ్దం పెంచాను. సన్నటి ఈలలు. మైకుకి రెండు మూడు అడుగుల దూరంలోనే. ఒకటి ఆగితే ఒకటి. మూడు గొంతులు, కాదు, నాలుగు. తల్లి ఎప్పుడొస్తుందా అని పిలిచే పిల్లలు.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. స్పాంజి చిరిగిన చోట చెవి మండుతోంది.

డైరెక్టరుగారిని మేం వెనకాల రేపుసారు అంటాం. ఏది అడిగినా రేపు చూద్దాం అంటారు కాబట్టి. ఆ రోజు మాత్రం వెంటనే లోపలికి పిలిచారు.

చెప్పాను. రైలు గురించి చెప్పాను, టేపు గురించి చెప్పాను. ఈలల గురించి చెప్పలేదు. అప్పటికి ఆ మాట నోటికి రాలేదు.

"అయితే పిట్ట కూయలేదంటారు."

"కూసింది సార్. మూడేళ్ల కింద, పూడ్చేసిన మడుగులో."

"పోయినేడు మీరే సంతకం పెట్టారు కదమ్మా. అప్పుడు రైలు వినపడలేదా?"

"అప్పుడు వెనక్కి జరిపి వినలేదు."

"ఎందుకని?"

"కూత వినగానే ఏడుపొచ్చింది. హెడ్‌ఫోన్లు తీసేశాను."

ఆయన కాసేపు పెన్ను మూత పెట్టారు, తీశారు. "సరే, లెక్క చూద్దాం. మీరు సంతకం పెట్టలేదనుకోండి. కొత్త మడుగు ఒప్పందం రద్దు. పంపు ఆపేస్తారు. రెండు నెలల్లో మళ్లీ ఇటుక గుంతలే. అక్కడికి తూనీగలొచ్చాయి, కప్పలొచ్చాయి, నీటికోళ్లొచ్చాయి. అవి దొంగవి కాదుగా?"

"కాదు."

"సంతకం పెట్టారనుకోండి. పెద్ద మడుగు పోతుంది. ఏ మడుగు మీద మట్టి పొయ్యాలో మీరే చెప్పండి. నా ఫైల్లో అయితే రెండూ బతికే ఉంటాయి."

ఆయన కుర్చీ వెనక గోడకి ఒక కాగితం ఫ్రేము కట్టి ఉంది. పథకం మొదటి పత్రం అని గొప్పగా తగిలించారు. అందరూ దాని కింద నిలబడి ఫోటోలు దిగుతారు. నేనూ దిగాను. అంతకుముందు ఒక్కసారీ చదవలేదు. ఆ రోజు చదివాను. పాత మడుగును పూడ్చడానికి అడ్డు లేదు, గూళ్లలో పిల్లలు లేవు, స్వయంగా పరిశీలించాను. కింద మావయ్య సంతకం. తేదీ, టేపు మీదున్న తేదీయే.

"ఎవరు చేశారో తెలుసా?" అన్నారు డైరెక్టరుగారు.

"కనుక్కుంటాను సార్."

"కనుక్కోకపోయినా నాకు ఇబ్బంది లేదు" అన్నారు. ఆ మాటలో బెదిరింపు లేదు. అలసట ఉంది. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

మధ్యాహ్నం కొత్త మడుగుకి బస్సెక్కాను. అక్కడి పంపూ పెట్టెలూ చూసుకునేది మావయ్యే. గంటన్నర. కూలిపోయిన బట్టీ పొగగొట్టాల దగ్గర దిగితే, గట్టు మీద నడక పది నిమిషాలు. రెల్లు నా తల దాటి ఎదిగింది. గట్టు పొడుగునా తూనీగలు. డైరెక్టరుగారు ఆ ముక్కలో అబద్ధమాడలేదు.

పంపు రేకుల గదిలో ఉంటుంది. దూరం నుంచే వినపడింది: నీటిమట్టం తగ్గితే మోగే హెచ్చరిక గంట. సన్నగా, ఆగకుండా, చెవిలో చీపురుపుల్ల పెట్టి తిప్పినట్టు. ఆ పెట్టెకి సరిగ్గా కింద, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మావయ్య స్టూలు మీద కూర్చుని రికార్డింగు పెట్టె బ్యాటరీలు మారుస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను. యాభై దాకా వచ్చాను.

వెనక నుంచి అత్తయ్య గబగబా వచ్చింది, చేతిలో నీళ్ల బిందె. నన్ను చూడకుండానే లోపలికెళ్లి మీట నొక్కి గంట ఆపింది. అది రోజూ చేసే పనిలాగే చేసింది. తిరిగేసరికి నేను కనబడ్డాను. ఆవిడ మొహం మారింది. వెంటనే సర్దుకుంది.

"ఏమేవ్, చెప్పా పెట్టకుండా ఊడిపడ్డావ్. ఇదిగో, మీ కోడలుపిల్ల వచ్చింది, కాస్త ఈ లోకంలోకి రండి."

ఆవిడ చెయ్యి భుజం మీద పడ్డాకే మావయ్య తల ఎత్తాడు. "అమ్మడూ, ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే. గంట మోగుతుంటే విని వచ్చా."

"ఏ గంట?"

"ఈయనకి ముప్పై ఏళ్లుగా పెళ్లాం మాటే వినపడదు. గంటేం వినపడుతుంది" అంది అత్తయ్య నవ్వుతూ. ఎవరూ నవ్వలేదు. ఆవిడ బిందె కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడిపోయింది.

మూల ప్లాస్టిక్ సంచీలో చుట్టిన స్పీకరు ఉంది. దాని వైర్లకు ఇంకా తడి రెల్లు అంటుకుని ఉంది. నేను అటు చూడటం మావయ్య చూశాడు. దాచాలని కూడా అనుకోలేదు.

సంచిలోంచి హెడ్‌ఫోన్లు తీసి ఆయన చెవులకి పెట్టాను. ఫోన్లో అసలు టేపు మొదటి నుంచి వేశాను. తట్టిన చప్పుడు వినగానే ఆయన పెదాలు కొంచెం విచ్చుకున్నాయి. తర్వాత అర నిమిషం కళ్లు మూసుకుని విన్నాడు.

"ఏం వినపడింది మావయ్యా?"

"గాలి. రెల్లు. ఆ రోజు గాలి తూర్పు నుంచి ఉంది" అన్నాడు. "మంచి నిశ్శబ్దం."

"రైలు వినపడలేదా?"

కళ్లు తెరిచాడు.

"చక్రాలు కీచుమన్నాయి. నాలుగు సెకన్లు. ఇక్కడి పెట్టెలో కూడా అదే కీచు పడింది. దాన్ని పట్టుకునే వచ్చాను."

ఆయన చేతిలో బ్యాటరీని అటూ ఇటూ తిప్పాడు. "అయితే రైలు పట్టిచ్చిందన్నమాట" అన్నాడు చివరికి. "పోన్లే. నీ చెవి బాగుంది. నేనే కదా నేర్పింది."

"ఇంకేం వినపడలేదా?"

"ఇంకేం ఉంది?"

 బస్సులో గంటన్నర సేపు అనుకుంటూ వచ్చిన మాటకు బదులు ఫోను ముందుకు చాపాను. అత్తయ్య నా మొహం చూసింది. నా చేతిలోంచి ఫోను తీసుకుని, మావయ్య చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి తను పెట్టుకుంది. ఆవిడకు వేలు ఎక్కడ నొక్కాలో తెలియకపోతే నేనే మొదటికి జరిపాను.

ఆయన భుజం మీద చెయ్యి వేసి విన్నది. అర నిమిషం అయ్యేసరికి ఆవిడ చెయ్యి ఆయన భుజం మీది నుంచి జారిపోయింది.

"పిల్లలు" అంది.

బయటికి శబ్దం వచ్చిందో లేదో నాకు తెలియదు. కానీ మావయ్య ఆమె పెదాలనే చూస్తున్నాడు. మూడేళ్లుగా, అంతకంటే ముందు నుంచీ, ఆయన లోకాన్ని వింటున్నది ఆ పెదాల మీదే అని నాకప్పుడు అర్థమైంది.

"ఎన్ని?" అని నన్నడిగాడు.

"నాలుగు."

"ఎంత దూరంలో?"

"మైకు పక్కనే. రెండు మూడడుగులు."

ఆయన లేచి, పంపు ఆపేశాడు. గదిలో ఉన్నట్టుండి నిశ్శబ్దం నిండింది. నా సంచిలోని రికార్డరు ఇమ్మని చెయ్యి చాపాడు. మీట తనే నొక్కాడు. మైకు మీద రెండుసార్లు తట్టాడు. తేదీ చెప్పాడు. తర్వాత అర నిమిషం మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. బయట రెల్లులో కప్పలు అరుస్తున్నాయి. నా సంచిలో సంతకం లేని పత్రం ఉంది. ఇక దాని మీద సంతకం పడదని మా ముగ్గురికీ తెలుసు. ఆ పంపు మళ్లీ ఎన్నాళ్లు తిరుగుతుందో కూడా తెలుసు.

మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇది నేను ఎవరి బలవంతమూ లేకుండా చెప్తున్నాను. కొత్త మడుగులో బుంగపిట్ట లేదు. పోయినేడూ లేదు, ఈ ఏడూ లేదు. పోయినేడు స్పీకరు పెట్టింది మోసానికి కాదు. మగపిట్ట కూత వినపడితే ఆడపిట్ట వచ్చి వాలుతుందేమో అని పెట్టాను. పిట్టల పని చేసే మాలో అందరూ చేసేదే. స్పీకరు పెడితే పెట్టెలు ఆపెయ్యాలి. ఆపడం మర్చిపోయాను. అది పెట్టెలో పడింది. పిట్ట వచ్చేసిందని మా అమ్మడు ఏడుస్తూ ఫోన్ చేసింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. మీ ఆఫీసులో కేకు కోస్తున్న చప్పట్లు వినపడ్డాయి. మూసేశాను. ఈ ఏడు మాత్రం తెలిసే వేశాను. రెల్లు ముదిరి పిట్ట దిగాలంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది. మీరు మూడేళ్లన్నారు. ఆ మూడేళ్లన్న అంకె ఎవరు రాశారో వాళ్లు ఒక్కరోజు కూడా మడుగులో కాలు పెట్టి ఉండరు. పంపు ఆగిపోతుందని వేశాను. ఈ కూత చూపించి పెద్ద మడుగు అడుగుతారని నాకు తట్టలేదు. పేపర్లో చదివాను. చదివాక కూడా చెప్పలేదు.

అదంతా చిన్న తప్పు. అసలుది ఇది. పాత మడుగులో పిల్లలు ఉన్నాయో లేవో చెప్పమని నన్ను పంపారు. తెల్లవారకముందే వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. పిల్లల ఈల సూదిలా ఉంటుందని అందరికీ నేర్పింది నేనే. అప్పటికే ఏడాదిగా నాకు సన్న చప్పుళ్లు వినపడటం లేదని కూడా నాకు తెలుసు. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. పిట్టల చెవి పోయిందని తెలిస్తే నన్నింక ఎవరు పిలుస్తారు? నేను రికార్డింగు ఆపేసరికి గట్టు మీద యంత్రాలు ఇంజన్లు వేసుకుని ఉన్నాయి. వాటి మోత నాకు బాగా వినపడుతోంది. మా అమ్మడు గంట దూరంలో ఉంది. వచ్చి విను అని ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. నాకేమీ వినపడలేదు, అంతవరకూ నిజం. కాగితం మీద అదే రాయాల్సింది, నాకు వినపడలేదు అని. పిల్లలు లేవు అని రాశాను."